రెండు వైపులా ఐదేసి సెంటీమీటర్లు

ఫిబ్రవరి 26, సోమవారం

నీ రెండు చేతుల మధ్య ఎంత దూరం ఉండాలో నీకు తెలుసా? ఓ మనిషీ, నిన్నే అడుగుతున్నాను! నీ తల మీది వెంట్రుకలు లెక్కపెట్టినవాడికి తెలుసు. నీకు తెలియదు. తెలియకుండానే పట్టుకోవలసినవీ, పట్టుకోకూడనివీ అన్నీ పట్టుకుని ఊరేగుతున్నావు.

వచ్చే ఆదివారం ప్రసంగం ఇలా మొదలుపెట్టాలి. మొదటి మాటకే వెనక బెంచీల వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టేస్తారు. ఈ మాట నాకు షాపులో, చెయిను నూనె చేతులకు ఉండగా తట్టింది. రాసుకోకపోతే ఎగిరిపోతుంది. ఏడో తరగతితో బడి మానేసినవాడిని, అక్షరాలు కూడబలుక్కుని గ్రంథం ఒంటరిగా చదువుకున్నవాడిని. ప్రభువు నాకు మాటలిచ్చేది ఇలాంటి చోట్లే. ఈ నోటుబుక్కు నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ కాదు.

చెల్లి ఇవాళ కొండల మీద తొక్కే సైకిలు తోసుకుంటూ షాపుకొచ్చింది. ఎవరో వాడి అమ్మిందే, కానీ ఫ్రేము బంగారం. హ్యాండిలూ, దాన్ని ముందు ఫోర్కుకి కలిపే చిన్న మెడ లాంటి ముక్క, స్టెమ్మూ కొత్తవి వేయమంది. మా షాపు యజమాని జేబులో మడత స్కేలు లేకుండా వీధిలోకి కూడా రాడు. ఊరంతా ఆయన్ని కొలబద్ద అనే పిలుస్తుంది. ఆయన వెంటనే పాఠం మొదలుపెట్టాడు.

"హ్యాండిలు డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు వస్తుందమ్మా. అంతా నీకు అవసరం ఉండకపోవచ్చు, అప్పుడు కోసుకోవాలి. కోశాక అతికించడానికి అదేం కర్ర కాదు. అందుకే ముందు కొలత. కళ్ళు మూసుకుని దండీలు తీస్తున్నట్టు నేల మీద వాలు. చేతులు వాటంతటవి ఎక్కడ పడితే అదే నీ వెడల్పు. స్టెమ్ పొట్టిగా ఉంటే దిగుడులో చక్రం నీ మాట వింటుంది. పొడుగైతే నీ బరువంతా ముందుకు పోయి, చక్రమే నీకు చెప్పడం మొదలుపెడుతుంది."

చెల్లి నవ్వింది. "నాకు కొలతలెందుకండీ? ఆరో ఏట నుంచీ నా గౌన్లు, చెప్పులు, స్కూలు బ్యాగు పట్టీ అన్నీ మా అన్నయ్య కంటి కొలతే. నువ్వే చూసి వేసెయ్ అన్నయ్యా."

"కంటి కొలతా!" కొలబద్ద నెత్తి కొట్టుకున్నాడు. "బోధకుడుగారి కన్ను పరలోకం మీద ఉంటుందమ్మా. శనివారం నుంచీ ఆ చెయిను కడగమని మొత్తుకుంటున్నా. లోకం పాపాలు తర్వాత కడగొచ్చు, ముందు చెయిను కడగవయ్యా బాబూ అని."

అప్పుడు చెల్లి అసలు సంగతి చెప్పింది. జట్టులోకి తీసుకునేలా ఉన్నారట. కొండ మీంచి సైకిళ్ళ దిగుడు పందేలు. శిక్షకురాలు చూసి, ఇంత ధైర్యంగా దిగే పిల్లని ఈ మధ్య చూడలేదందట.

"పందేలు ఎప్పుడు?" అన్నాను.

"ఆదివారాలే అన్నయ్యా. మిగతా రోజుల్లో స్కూల్లో పిల్లలకి డ్రిల్లు ఎవరు చెప్తారు?"

ఆదివారాలు. పన్నెండేళ్ళ వయసు నుంచీ మా సభలో మొదటి పాట ఎత్తుకునేది తనే.

సంతోషంగానే ఉన్నాను. నిజంగా, సంతోషంగానే ఉన్నాను.

ఫిబ్రవరి 28, బుధవారం

ఇవాళ ఇంట్లో ప్రార్థన. చెల్లి మోకాళ్ళ మీద ఒంగి, రెండు అరచేతులూ గచ్చుకి ఆనించి ప్రార్థించింది. చిన్నప్పటి నుంచీ అంతే. చాప ఉన్నా చేతులు మాత్రం చల్లటి నేల మీదే. తను వెళ్ళిపోయాక చూస్తే, గచ్చు మీద చెమట చేతుల ముద్రలు ఇంకా ఆరలేదు. టేపు తెచ్చి కొలిచాను. ఈ అంచు నుంచి ఆ అంచుకు అరవై నాలుగు. మరో నాలుగు కలిపాను. అరవై ఎనిమిది.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "ఇల్లు కొలుస్తున్నారేంటి, అమ్మేద్దామనా?"

"ఇది పవిత్రమైన కొలత. నీకు చెప్పినా అర్థం కాదు."

"కాదులెండి. గ్యాస్ బండ ఎవరు మార్చాలో కూడా ఆ టేపుతోనే కొలిచి చెప్పండి."

కొలబద్దది కసరత్తు కొలత. కండల కొలత. ప్రార్థనలో పెట్టిన చేతుల కన్నా సత్యమైన కొలత మనిషికి ఏముంటుంది? ఈ మాట ప్రసంగంలో పెట్టాలి.

స్టెమ్ ఎనిమిది సెంటీమీటర్లది వేస్తాను. నా చిన్నప్పుడు అన్ని సైకిళ్ళకీ అలాగే పొడుగ్గా ఉండేవి. ఎవరూ చచ్చిపోలేదు.

ఫిబ్రవరి 29, గురువారం

కోశాను. రెండు వైపులా ఐదేసి సెంటీమీటర్లు. ఆకురాయితో అంచులు నున్నగా చేశాను.

కింద ఒక పంక్తి రాసి కొట్టేశాను. అనవసరమైన మాట.

మార్చి 2, శనివారం

చెల్లి సైకిలు తీసుకెళ్ళింది. షాపు ముందు ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, మోచేతులు ఆడించి చూసుకుంది.

"కాస్త ఇరుగ్గా ఉంది అన్నయ్యా. ముందుకి లాగుతున్నట్టు కూడా ఉంది."

"కొత్త కదా. అలవాటవుతుంది."

"నువ్వన్నావంటే సరే."

కొలబద్ద ఊళ్ళో లేడు, సరుకు కోసం వెళ్ళాడు. ఉంటే చూసేవాడే. ఆయన లేకపోవడం యాదృచ్ఛికం. నేనేం ఆ రోజు కోసం కాచుకుని కూర్చోలేదు.

మార్చి 3, ఆదివారం

సభలో ప్రసంగం బ్రహ్మాండంగా సాగుతోంది. నీ రెండు చేతుల మధ్య ఎంత దూరం ఉండాలో నీకు తెలుసా అని చెయ్యెత్తి అడిగాను. రెండో వరుసలో మా ఆవిడ ఫోను మోగింది. తను బయటికి వెళ్ళింది. నేను ఆపలేదు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. అయినా ఆపలేదు. ముగింపు మిగిలి ఉంది కదా. బల్ల గుద్ది "రేపు కాదు, ఇవాళే!" అని ఎప్పటిలాగే అరిచి, అప్పుడు దిగాను.

పందెంలో చెల్లి కొండ రెండో మలుపులో పడింది. ఎడమ వైపు భుజం ముందరి ఎముక విరిగింది. మణికట్టు కూడా.

మార్చి 4, సోమవారం

ఆసుపత్రి. పొడుగాటి గది, తొమ్మిది మంచాలు, తనది కిటికీ పక్కన. పెదవి చిట్లి ఉంది. నన్ను చూడగానే నవ్వబోయి ఆగిపోయింది.

"ఎలా పడ్డావమ్మా?"

"రాయి తగిలింది. చక్రం అడ్డం తిరిగింది. పట్టుకుందామనుకునేలోపే హ్యాండిలు మీంచి ఎగిరి అవతల పడ్డాను. ఇలాంటి రాళ్ళు వంద దాటుంటాను అన్నయ్యా. నేనే భయపడ్డాను. మలుపు మొదట్లోనే గుండె గుబేల్మంది. సైకిలు నాది కాదన్నట్టు అనిపించింది. నాలో ధైర్యం పోయింది, అంతే."

"సైకిలు నాది కాదన్నట్టు." ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడలేదు తను. కిటికీలోకి చూస్తోంది.

తల నిమిరాను. "ప్రభువు చిత్తం" అన్నాను.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట.

మార్చి 6, బుధవారం

జట్టువాళ్ళు సైకిలు షాపుకి తెచ్చి పడేశారు. ముందు చక్రం వంకర పోయింది. మిగతా అంతా బాగానే ఉంది. కొలబద్ద చక్రం వైపు చూడలేదు. నేరుగా స్కేలు మడత విప్పి హ్యాండిలు మీద పెట్టాడు.

"అరవై ఎనిమిదా? ఎవరు కోశారు?"

"నేనే. ఆమే అడిగింది."

"ఆ పిల్లే అరవై ఎనిమిది అడిగిందా?"

"ఆమే."

"దానికి తోడు ఇంత పొడుగు స్టెమ్. ఇది కూడా ఆమే అడిగిందా?"

"చెప్పాను కదండీ, అన్నీ ఆమే అడిగింది."

మూడుసార్లు. చలిమంట దగ్గర నిలబడి తన గురువును ఎరగనన్న ఆ శిష్యుడి కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో! కోడి కూత కూడా నోటితో అనుకరించి జనాన్ని ఏడిపించినవాణ్ణి. షాపులో ఏ కోడీ కూయలేదు. ఎదురు వీధిలో ఎవరో షట్టరు ఎత్తారు, అంతే.

మార్చి 7, గురువారం

ఆమే అడిగింది అని ఇక్కడ రాసి చూశాను, రాస్తే నిజమవుతుందేమోనని. కాలేదు.

మార్చి 10, ఆదివారం

రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

ఇవాళ చెల్లి సభకొచ్చింది. చెయ్యి పట్టీలో వేలాడుతోంది. రెండో వరుసలో మా ఆవిడ పక్కన కూర్చుంది. జనమంతా వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. నేను అనుకున్న ప్రసంగం వేరు. గ్రంథం మూసేశాను. లోపల నిప్పు అంటుకుంది. అది ఎక్కడి నుంచి వచ్చిన నిప్పో అప్పుడు అడగలేదు.

"వేగాన్ని నమ్ముకున్నవాళ్ళు ఎక్కడ పడతారో చూశారా! ఆయన దినాన్ని కొండలకి అప్పగించినవాళ్ళని కొండలు ఏం చేస్తాయో చూశారా! బయటివాళ్ళ గురించి చెప్పడం లేదు నేను. నా సొంత రక్తం! నా చేతులతో పెంచిన బిడ్డ!"

జనం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమైనదే, అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది. చెల్లి తల వంచుకుని కూర్చుంది. పాట ఎత్తుకోమంటే గొంతు రాలేదంది.

పెద్దాయన ఒకాయన బయట నా చేతులు పట్టుకుని, "ఎన్ని ప్రసంగాలు విన్నామో గానీ అబ్బాయ్, ఇవాళ్టిది మాత్రం ఎముకల్లోకి దిగింది" అన్నాడు.

ఎవరి ఎముకల్లోకి?

మార్చి 12, మంగళవారం

ముందుగది కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకుంటుంది. నెల నుంచీ బాగు చేయమని మా ఆవిడ పోరు. ఇవాళ షాపు నుంచి వచ్చేసరికి చప్పుడు లేదు. రెక్కకీ చట్రానికీ మధ్య నల్లగా, పొట్టిగా ఒక గొట్టం ముక్క ఇరికించి ఉంది.

దాన్ని వేలితో తాకి చూశాను.

"ఎక్కడిది ఇది?"

"మీ పనిముట్ల డబ్బాలోది. ఒకటి కాదు, రెండున్నాయి. అచ్చు కవల పిల్లల్లా. మీరు బాగు చేసేదాకా కిటికీ ఊరుకుంటుందా? ఆ ముక్కలేంటి అసలు?"

"పారేసేవే."

"పారేసేవైతే గుడ్డలో చుట్టి, డబ్బా అడుగున ఎందుకు పెట్టారు?"

తను జవాబు కోసం ఆగలేదు. రొట్టెలు కాలుతున్నాయని వెళ్ళిపోయింది.

గ్రంథం చదువుకునే కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ కిటికీ. ఐదు సెంటీమీటర్ల సందులోంచి వెలుతురు పడుతోంది. ఏ అధ్యాయం తీసినా ఆ వెలుతురు గీత అడ్డంగా పడి ఉంది.

మార్చి 15, శుక్రవారం

ఇవాళ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నానా?

చెల్లి అద్దె గదికి వెళ్ళాను. ఒంటి చేత్తో టీ పెడుతూ గిన్నె పట్టుకోలేక తంటాలు పడుతోంది. నేను పెట్టాను. కూర్చుని, "హ్యాండిలు కొలత తప్పు తీశానమ్మా. ఇరుగ్గా అయిపోయింది. కొలబద్ద పద్ధతిలో కాకుండా, నువ్వు ప్రార్థనలో చేతులు పెట్టావు చూడు, ఆ ముద్రలు కొలిచాను" అన్నాను.

ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వితే ఎముక నొప్పెట్టి "అబ్బా" అంటూ మళ్ళీ నవ్వింది.

"ప్రార్థన ముద్రలా! నువ్వు తప్ప ఇంకెవరూ చేయరు అన్నయ్యా ఈ పని. పోనీలే. తప్పులు ఎవరు చేయరు? కొలత అటూ ఇటూ అయినా, ధైర్యం ఉన్నవాళ్ళు ఆపుకునేవాళ్ళు. దానికి నువ్వేం బాధపడకు."

నన్ను ఓదార్చింది. పట్టీలో ఉన్న చెయ్యి వదిలేసి, రెండో చేత్తో నా చేతి మీద తట్టింది.

నేను చేయని తప్పుని క్షమించింది. చేసింది అలాగే ఉంది. వెళ్ళేటప్పుడు ఎంత బరువుందో, మెట్లు దిగేటప్పుడు అంతకు రెండింతలుంది.

మార్చి 18, సోమవారం

చెల్లి ఇంటికొచ్చి చెప్పింది. వచ్చే ఆదివారం సభలో నిలబడి సాక్ష్యం చెప్తుందట. "గర్వంతో పడ్డాను, ఇక కొండ ఎక్కను" అని.

"ఎవరు చెప్పమన్నారు?" అంది మా ఆవిడ.

"ఎవరూ చెప్పలేదు వదినా. అన్నయ్య ప్రసంగం విన్నాక నాకే అనిపించింది. శిక్షకురాలు కూడా అడుగుతోంది. ఎముక అతుక్కునేదాకా నా చోటు ఖాళీగానే ఉంచుతుందట, కానీ ఆదివారం సాయంత్రం లోపు ఏ సంగతో చెప్పాలంది. సాక్ష్యం అయ్యాక ఫోను చేసి వద్దని చెప్పేస్తాను."

"సైకిలు?"

"ఎవరికైనా ఇచ్చేస్తాను. దాన్ని చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది."

మా ఆవిడ నా వైపు చూసింది. నేను గ్రంథంలో చూశాను.

కోరుకున్నదంతా జరిగింది. చెల్లి తిరిగొచ్చింది. ఆదివారాలు తిరిగొచ్చాయి. ఈ రాత్రి స్తుతి ప్రార్థన చేయాలి నేను.

మార్చి 20, బుధవారం

ప్రార్థన కుదరలేదు. నోటికి వచ్చిన మాటలన్నీ నాకు ముందే తెలిసినవి.

మార్చి 22, శుక్రవారం

కొలబద్ద వంకర చక్రం సరిచేసి, చెల్లి సైకిలు గోడకి ఆనించాడు. మధ్యాహ్నం బేరాలు లేవు. స్కేలుతో వీపు గోక్కుంటూ అన్నాడు, "బోధకుడా, ఇది ఎక్కి వెనక వాలు దిగు."

"నేనా? నాకు యాభై దగ్గర పడుతున్నాయి."

"ఆ వాలు మీద చెత్తబండి దిగుతుంది, నువ్వు దిగలేవా? ఎక్కు. చెల్లెలు అడిగి చేయించుకున్న కొలత కదా, ఎలా ఉందో మనమూ చూద్దాం."

మాట మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఎక్కాను.

షాపు వెనక వాలు ఇరవై అడుగులు కూడా ఉండదు. కంకర, మట్టి. మొదటి నాలుగు అడుగులు బాగానే ఉంది. తర్వాత నా ఒళ్ళంతా ముందుకు జారింది, ఎవరో వీపు మీద చెయ్యి పెట్టి నెడుతున్నట్టు. ముందు చక్రం నా గడ్డం కిందే ఉన్నట్టుంది. గుప్పెడంత రాయి తగిలింది. హ్యాండిలు నా చేతుల్లో విదిలించుకుంది. గట్టిగా పట్టుకున్నాను, కానీ ఆ ఇరుకులో పట్టుకోవడానికి బలం ఎక్కడ నుంచి వస్తుంది? మోచేతులు పక్కటెముకలకి తగులుతున్నాయి. గుండె గుబేల్మంది.

గుబేల్మంది. చెల్లి అన్న మాటే.

అది చెల్లి పిరికితనం కాదు. ధైర్యం పోవడమూ కాదు. ఏ మనిషి ఎక్కినా అలాగే అవుతుంది. ఆ భయాన్ని ఆ సైకిల్లో బిగించింది నేను.

పడ్డాను. పెద్ద దెబ్బలేం లేవు, మోకాలు గీసుకుంది. రెండు చేతులూ ముందుకు చాపి మట్టిలో బోర్లా పడ్డాను. కొలబద్ద పరుగెత్తుకుంటూ వచ్చి లేపాడు. ప్యాంటు దులిపాడు. ఆ తర్వాత ఒంగి, మట్టిలో పడిన నా చేతుల ముద్రల మధ్య స్కేలు పెట్టాడు.

"డెబ్భై ఆరు" అన్నాడు. "మనిషి పడేటప్పుడు తనను తాను కాపాడుకోడానికి చేతులు ఇంత దూరం చాపుతాడు. ఈ దూరమే వాడికి కావాలి. నువ్వు ఆ పిల్లని ఎక్కడ కొలిచావు?"

"ప్రార్థనలో."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. స్కేలు మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇరవై ఏళ్ళుగా నా షాపులో పని చేస్తున్నావు. కొలత నీకు తెలియదంటే నేను నమ్మను బోధకుడా. ఆ పిల్ల అడిగిందన్నా నమ్మలేదు. నాకేం చెప్పక్కర్లేదు నువ్వు. నేనేం మీ దేవుణ్ణి కాను."

లోపలికి వెళ్ళి కొత్త హ్యాండిలొకటి, నాలుగు సెంటీమీటర్ల స్టెమ్మొకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. రంపం మాత్రం తీసి తన సొరుగులో వేసి తాళం పెట్టుకున్నాడు.

మార్చి 23, శనివారం

ఫిబ్రవరి 29 పేజీ తీశాను. కొట్టేసిన పంక్తి మీద పేజీ చిరిగేంతగా కలంతో గీసి ఉంది. వెలుతురుకి పట్టాల్సిన పని లేదు. ఏం రాశానో నాకు ఒక్క పూట కూడా మరుపు రాలేదు. ఇన్నాళ్ళూ దాని చుట్టూ తిరిగాను. మళ్ళీ రాస్తున్నాను, ఈసారి కొట్టేయను:

"ఓడిపోతే చాలు ప్రభూ, పడనక్కర్లేదు."

అంటే పడుతుందని తెలుసు.

కొలత పొరపాటు కాదు. గచ్చు మీద ముద్రలు కనపడక ముందే అరవై ఎనిమిది నా మనసులో ఉంది. ముద్రలు అరవై నాలుగు వస్తే నాలుగు కలిపాను. యాభై వచ్చి ఉంటే పద్దెనిమిది కలిపేవాణ్ణి. పొడుగు స్టెమ్ ఏం చేస్తుందో పదేళ్ళుగా ఎంతమందికి చెప్పి మార్పించానో లెక్కలేదు. రెండు ఆదివారాలు ఓడిపోతుంది, విసుగొస్తుంది, కొండ వదిలేసి నా ముందు వరుసలోకి వచ్చి పాట ఎత్తుకుంటుంది అనుకున్నాను. దానికి ఆయన పేరు పెట్టుకున్నాను. ఆయన దినం కోసం అన్నాను. ఆయన కోసం కాదు. నేను ప్రసంగిస్తుంటే తల ఎత్తి, కళ్ళార్పకుండా వినే ఆ ఒక్క మొహం కోసం. ఆరేళ్ళ పిల్లప్పటి నుంచీ నన్ను నమ్మిన మొహం అది.

ఆ నమ్మకంతోనే కోశాను. నువ్వన్నావంటే సరే అన్నయ్యా అంది. రంపం కన్నా ముందు అది నా చేతికిచ్చింది.

సాయంత్రం షాపులో కూర్చుని చెల్లి సైకిలుకి కొత్త హ్యాండిలు, పొట్టి స్టెమ్ బిగించాను. డెబ్భై ఎనిమిదీ అలాగే ఉంచాను. ఒక్క మిల్లీమీటరు కూడా ముట్టలేదు.

మార్చి 24, ఆదివారం. ఉదయం ఏడు

సభ పదింటికి. చెల్లి సాక్ష్యం మొదటి పాట తర్వాత.

ఇందాక మా ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ గొట్టం ముక్క లాగేసింది. రెక్క టప్పున కొట్టుకుంది. డబ్బాలోని రెండోదీ తెచ్చి, రెండూ నా గ్రంథం మీద పక్కపక్కనే పెట్టింది.

"నేనేం చదువుకున్నదాన్ని కాదు" అంది. "కానీ ఈ నల్లరంగు ఆ పిల్ల సైకిలు మీద చూశాను. ఇవాళ పిచ్చుక అందరి ముందూ నిలబడి తప్పు నాదే అంటుంటే, నేను ఆ పక్కన కూర్చుని ఆమెన్ అనాలా?"

చిన్నప్పుడు గిన్నెలోది ముక్కున పొడుచుకుని తిన్నట్టు తినేదని చెల్లికి పిచ్చుక అని పేరు పెట్టింది మా ఆవిడే.

"నేను చెప్తాను" అన్నాను.

"ఎప్పుడు?"

ఎప్పుడని అడిగింది. నేనేమో కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. రాయడం కూడా ఒక దాక్కోవడమే. ఈ పుస్తకంలో నెల రోజులుగా దాక్కున్నాను.

ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం బల్ల గుద్ది "రేపు కాదు, ఇవాళే" అని ఎవరి మీద అరిచావు? వాళ్ళెవరూ నీ చెల్లి చేతుల్ని కోయలేదు. ఆ అరుపంతా నీకే రావలసిన ఉత్తరం. ఇన్నాళ్ళూ ఊరందరికీ పంచిపెట్టావు. ఇప్పుడు విను.

సభలో చెప్దాం, జనం ముందు కన్నీళ్ళతో చెప్దాం అనుకుంటున్నావు కదూ? వద్దు. అదీ ప్రసంగమే అవుతుంది, బాగుంటుంది, నీకు పేరొస్తుంది. ముందు చెల్లి గదికి వెళ్ళు. ఆ తర్వాతే సభ. అక్కడ పదో తేదీ ప్రసంగం అబద్ధమని చెప్పు, ఆ ఒక్క మాటే చెప్పు, గొంతు పెంచకు.

తనకి కొలత తప్పిందని చెప్పకు. ఆ మాట మళ్ళీ నోట్లోకి వస్తే నాలుక కొరుక్కో. ఈ పుస్తకం పట్టుకెళ్ళు, ఇరవై తొమ్మిదో తేదీ పేజీ, నిన్న మళ్ళీ రాసిన పేజీ తీసి చదివి వినిపించు. నీ ధైర్యం పోలేదమ్మా, నేను తీసేశాను అని చెప్పు. క్షమించమని అడగకు, అడిగితే ఇచ్చేస్తుంది, నీకు తెలుసు, అందుకే అడగాలని తహతహలాడుతున్నావు. ఈసారి ఇవ్వాలా వద్దా అన్నది తననే తేల్చుకోనీ. శిక్షకురాలికి ఏం చెప్పాలన్నదీ తననే తేల్చుకోనీ. సైకిలు గుమ్మం ముందు పెట్టి, పక్కకి జరిగి నిలబడు. హ్యాండిలు ఎంత ఉండాలో ఎముక అతికాక తన చేతులు తనే పెట్టి చూసుకుంటుంది.

గొట్టం ముక్కలు రెండూ జేబులో వేసుకో. చొక్కా గుండీలు దారిలో పెట్టుకోవచ్చు. సైకిలు షాపులోనే ఉంది, షాపు తాళం చెవి కొలబద్ద ఇంట్లో ఉంది, వాలు దారిన వెళ్తే పది నిమిషాలు. ఏడుంపావు అవుతోంది. చెల్లి ఎనిమిదింటికల్లా జడ వేయించుకోడానికి మీ ఇంటికి బయల్దేరుతుంది, దారిలోనే దొరుకుతుందిలే అనుకోకు.

ఇంకో వాక్యం రాయాలనుంది నీకు. రాయకు. కలం కింద పెట్టు. లే. వచ్చే ఆదివారం కాదు, సాక్ష్యం అయ్యాక కాదు. ఇవాళే. ఇప్పుడే, తను తలుపు తాళం వేసుకుని మెట్లు దిగకముందే, పరుగెత్తు!